పునాదిని ముందుగా పరిశీలించిన విశ్వేశ్వరయ్య

కట్టడం ఎంత ఎత్తుకు లేచినా, దాని ఆయుష్షును నిర్ణయించేది కంటికి కనిపించని పునాదియే. ఈ సత్యాన్ని జీవితాంతం ఆచరించిన ఇంజనీరు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య. ఆయన పూర్వీకులు ఆంధ్రప్రదేశ్‌లోని బేస్తవారిపేట మండలానికి చెందిన మోక్షగుండం నుండి మైసూరు సీమకు వలస వచ్చారు. 1861 సెప్టెంబరు 15న ముద్దేనహళ్లిలో జన్మించిన ఆయనకు, పావగడ తాలూకాలోని ఎందరో పిల్లలవలెనే, ఇంటి భాష తెలుగు, నాటి భాష కన్నడం.

చిన్న వయసులోనే తండ్రిని కోల్పోయిన విశ్వేశ్వరయ్య, బెంగళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ 1881లో బి.ఎ. ముగించారు. మైసూరు ప్రభుత్వ సహాయంతో పూనాలో ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు.

సింధు నది ఒడ్డునున్న సుక్కూరు పురపాలక సంఘానికి నీటిని వడకట్టే తొట్లు కట్టే స్తోమత లేకపోగా, ఆయన నదీగర్భంలోనే బావి త్రవ్వించి, ఇసుకలో ఊరిన తేట నీటిని పట్టణానికి అందించారు. 1908 మూసీ వరదలో హైదరాబాదులో వేలాదిమంది మరణించగా, నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై వెళ్లి, వర్షపాతాన్నీ పరీవాహక ప్రాంతాన్నీ లెక్కగట్టి, నగరానికి ఎగువన జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ సూచనకు ఫలితాలే. 1911లో ఆరంభమైన కృష్ణరాజసాగర్ ఆనకట్టను సిమెంటుకు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్కీ గారతో నిర్మింపజేశారు. 1912 నుండి 1918 వరకు మైసూరు దివానుగా పనిచేశారు.

తొంభై ఏళ్లు దాటిన వయసులో సైతం బీహారులోని మొకామా వద్ద గంగపై వంతెనకు అనువైన స్థలాన్ని పరిశీలించి సలహా ఇచ్చారు. ఒండ్రు నేలలో లోతుగా దింపిన బావి పునాదులపై నిలిచిన ఆ వంతెన 1959లో ప్రారంభమైంది.

నేడు వంతెనలకు, ఎత్తైన భవనాలకు నేలలోకి దింపే పైల్ పునాదులను కంప్యూటరు విశ్లేషిస్తున్నది. స్తంభాన్ని చిన్న భాగాలుగా విభజించి, ఒక్కొక్క మట్టి పొర ఎంత బలంగా ఆనుకొంటుందో లెక్కించి, బరువుకు అది ఎంత దిగుతుందో, ఎంత వంగుతుందో తెలుపుతుంది. కాని ఆ మట్టి బలం బోరు వేసి పరీక్షించినప్పుడే తెలుస్తుంది. తప్పు అంకెలు అందిస్తే యంత్రం తప్పు జవాబే ఇస్తుంది; దాని మూల్యం ఆ కప్పు క్రింద నివసించేవారు చెల్లించవలసి వస్తుంది.

1955లో భారతరత్న పొందిన ఆ మహనీయుడు 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జన్మదినమే దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవం. ముందు నేలను చూడాలి, ఆ తరువాతే లెక్క వేయాలి అన్నదే ఆయన జీవితం నేర్పే పాఠం.