అలెగ్జాండర్ పాటర్సన్

సర్ అలెగ్జాండర్ హెన్రీ పాటర్సన్ (నవంబరు 20, 1884 - నవంబరు 7, 1947) ఇంగ్లాండుకు చెందిన ప్రముఖ కారాగార సంస్కర్త. 1922 నుండి 1946 వరకు ఇంగ్లాండు, వేల్స్ జైళ్ళ కమిషనర్లలో ఒకడిగా పనిచేశాడు. యువ నేరస్థుల కొరకు ఏర్పడిన బోర్స్టల్ సంస్థలకు కొత్త రూపం ఇచ్చిన వ్యక్తిగా ఈయన ప్రసిద్ధుడు. జైళ్ళు మారాలంటే ముందుగా జైలు ఉద్యోగుల ఎంపిక, శిక్షణ మారాలన్నది ఈయన ప్రధాన సిద్ధాంతం. కమిషన్‌కు ఎన్నడూ అధ్యక్షుడు కాకపోయినా, రెండు ప్రపంచ యుద్ధాల మధ్య కాలంలో ఇంగ్లాండు జైళ్ళ విధానంపై అత్యధిక ప్రభావం చూపినవాడిగా చరిత్రకారులు ఈయనను పేర్కొంటారు.

బాల్యం, విద్యాభ్యాసం

పాటర్సన్ చెషైర్ ప్రాంతంలోని బౌడన్ అనే ఊరిలో ఒక న్యాయవాది కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు యూనిటేరియన్ క్రైస్తవ శాఖకు చెందినవారు. స్థానికంగా బౌడన్ కళాశాలలో చదివి, తరువాత ఆక్స్‌ఫర్డులోని యూనివర్సిటీ కాలేజీలో చేరాడు. అక్కడ జాన్ స్టాన్స్‌ఫెల్డ్ అనే వైద్యుని పరిచయం ఈయన జీవితాన్ని మలుపు తిప్పింది. లండన్‌లో థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న బెర్మండ్సీ అనే పేదల పేటలో స్టాన్స్‌ఫెల్డ్ ఒక వైద్య సేవాసంస్థను, బాలుర క్లబ్బులను నడుపుతుండేవాడు. తన పనిలో తోడ్పడమని ఆక్స్‌ఫర్డు విద్యార్థులను ఆహ్వానించేవాడు.

బెర్మండ్సీ జీవితం

చదువు పూర్తయిన తరువాత పాటర్సన్ బెర్మండ్సీలోనే స్థిరపడి, సుమారు 21 సంవత్సరాలు అక్కడ నివసించాడు. ఓడరేవు కూలీలు, తోళ్ళ పరిశ్రమ కార్మికులు ఉండే ఆ పేటలో ఒక ఇరుకు వాటాలో కాపురముండి, కొంతకాలం ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాడు. సాయంత్రాలు బాలుర క్లబ్బులలో గడిపేవాడు. ఆ అనుభవాలతో వ్రాసిన అక్రాస్ ది బ్రిడ్జెస్ అనే గ్రంథం 1911లో వెలువడి విస్తృత ప్రచారం పొందింది. పేద పిల్లల ఇంటి పరిస్థితులు, బడి మానిన తరువాత దొరికే భవిష్యత్తు లేని పనులు, వారు నేరం వైపు జారే తీరు ఇందులో వివరింపబడినవి.

1908లో ఈయన బోర్స్టల్ అసోసియేషన్‌లో చేరాడు. బోర్స్టల్ నుండి విడుదలైన యువకులకు పని చూపించి, కొంతకాలం కనిపెట్టి ఉండడం ఈ సంఘం బాధ్యత. 1911లో విడుదలైన దీర్ఘశిక్ష ఖైదీల సహాయార్థం ఏర్పడిన కేంద్ర సంఘంలో కూడా బాధ్యతలు స్వీకరించాడు. ఈ విధంగా జైలు పరిపాలనలో ప్రవేశించక మునుపే, జైలు నుండి బయటికి వచ్చిన మనిషి ఏ స్థితిలో ఉంటాడో ఈయన దగ్గరగా చూశాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్మండ్సీ యువకులతో పాటు సాధారణ సైనికుడిగా చేరి, తరువాత అధికారి అయ్యాడు. తీవ్రంగా గాయపడ్డాడు. మిలిటరీ క్రాస్ పతకం పొందాడు. బెల్జియంలో ఫిలిప్ క్లేటన్ ప్రారంభించిన సైనికుల విశ్రాంతి గృహం నుండి రూపొందిన టాక్ హెచ్ అనే సేవాసంస్థకు మొదటి అధ్యక్షుడిగా వ్యవహరించాడు.

అప్పటి జైళ్ళు, వార్డర్లు

1877 చట్టంతో ఇంగ్లాండు జైళ్ళన్నీ కేంద్ర ప్రభుత్వం అధీనంలోకి వచ్చాయి. ఒంటరి గది, మౌన నియమం, విసుగు పుట్టించే చాకిరి అప్పటి విధానంలో ప్రధానాంశాలు. వార్డరు పని ఖైదీలను లెక్కించడం, తలుపులు తాళం వేయడం, కాపలా కాయడం వరకే పరిమితం. ఖైదీతో చనువుగా మాట్లాడిన వార్డరు కూడా శిక్షకు పాత్రుడయ్యేవాడు. 1895లో గ్లాడ్‌స్టన్ కమిటీ ఖైదీని శిక్షించడంతో పాటు సంస్కరించడం కూడా జైలు లక్ష్యంగా ఉండాలని చెప్పింది. అయినను ఆచరణలో మార్పు నెమ్మదిగా సాగింది.

యుద్ధానికి వెళ్ళడానికి నిరాకరించి జైలు పాలైన స్టీఫెన్ హాబ్‌హౌస్, ఫెన్నర్ బ్రాక్‌వే 1922లో ఇంగ్లాండు జైళ్ళ స్థితిపై ఒక పెద్ద నివేదికను ప్రచురించారు. జైలు జీవితం ఖైదీల మనస్సును ఎట్లా మొద్దుబార్చుతుందో అది వెల్లడించింది. అదే సంవత్సరం పాటర్సన్ జైళ్ళ కమిషనర్‌గా నియమితుడయ్యాడు.

ఉద్యోగుల శిక్షణ

నేరస్థుడిని జైలుకు పంపడమే శిక్ష అనీ, జైలులో అతడిని మళ్ళీ శిక్షించడం ఉద్యోగుల పని కాదనీ పాటర్సన్ భావించాడు. ఈ భావన వలన వార్డరు వృత్తి స్వరూపమే మారుతుంది. శిక్షించడం తన పని కానప్పుడు అతడు చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న వస్తుంది. స్వేచ్ఛ లేనిచోట స్వేచ్ఛాజీవితానికి మనిషిని సిద్ధం చేయడం చాలా కష్టమనీ, తాళంచెవి పట్టుకున్న ప్రతివాడికీ అది చేతకాదనీ ఈయన అభిప్రాయం. ఖైదీతో రోజంతా గడిపేది గవర్నరు (ఇంగ్లాండులో జైలు సూపరింటెండెంటు హోదా) కాదు, వార్డరు. కావున ఆ స్థాయి ఉద్యోగికే ముందు శిక్షణ అవసరమని వాదించాడు. మొదటి ప్రపంచ యుద్ధం తరువాతి సంవత్సరాలలో వార్డరు అనే పేరు తొలగిపోయి, జైలు అధికారి అన్న పేరు వాడుకలోకి వచ్చింది.

1925లో యార్క్‌షైర్‌లోని వేక్‌ఫీల్డు జైలు వద్ద ఉద్యోగుల శిక్షణ పాఠశాల ఏర్పడింది. వేక్‌ఫీల్డు అప్పటికే సంస్కరణ ప్రయోగాలకు కేంద్రం. ఖైదీలు కలిసి పనిచేయడం, కలిసి భోజనం చేయడం అక్కడ అమలులో ఉండేవి. 1929లో ఖైదీలకు చేసిన పనికి కొద్దిపాటి కూలి ఇచ్చే పద్ధతి కూడా అక్కడే మొదలైంది. అందువలన కొత్త ఉద్యోగులు నియమాలను పుస్తకంలో చదవడంతో సరిపెట్టుకోక, నడుస్తున్న జైలులోనే వృత్తిని చూసి నేర్చుకునే అవకాశం కలిగింది. తరువాతి కాలంలో ఇది ఇంపీరియల్ ట్రైనింగ్ స్కూల్ అనే పేరుతో బ్రిటిష్ వలస దేశాల అధికారులకు కూడా శిక్షణ ఇచ్చింది.

బోర్స్టల్ సంస్కరణలు

1908 చట్టం ప్రకారం 16 నుండి 21 సంవత్సరాల వయసు గల నేరస్థులను బోర్స్టల్ సంస్థలకు పంపేవారు. పాటర్సన్ వాటిని చిన్న చిన్న 'హౌస్'లుగా విభజించి, ఒక్కొక్కదానికి ఒక హౌస్‌మాస్టరును నియమింపజేశాడు. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టభద్రులను, యువజన క్లబ్బులలో పనిచేసినవారిని స్వయంగా కలిసి ఈ ఉద్యోగాలకు ఒప్పించేవాడు. జీతం తక్కువ, పని వేళలకు పరిమితి లేదు. 1924లో బోర్స్టల్ ఉద్యోగులు యూనిఫారం మాని మామూలు దుస్తులు ధరించసాగారు. ఈ విధానపు సూత్రాలను వివరించే గ్రంథం 1932లో వెలువడింది.

1930 మే నెలలో డబ్ల్యూ. డబ్ల్యూ. లెవెలిన్ నాయకత్వంలో సుమారు 40 మంది బోర్స్టల్ యువకులు, కొందరు ఉద్యోగులు లండన్ సమీపంలోని ఫెల్తమ్ నుండి నాటింగ్‌హామ్‌షైర్‌లోని లోధమ్ గ్రేంజి వరకు సుమారు 130 మైళ్ళు కాలినడకన వెళ్ళి, అక్కడ తమ చేతులతో కొత్త సంస్థను నిర్మించడం ప్రారంభించారు. చుట్టూ గోడ లేని మొదటి బోర్స్టల్ ఇదే. 1935లో లింకన్‌షైర్ తీరంలో నార్త్ సీ క్యాంప్ ఏర్పడింది. 1936లో వేక్‌ఫీల్డు సమీపంలోని న్యూ హాల్ వద్ద వయోజన ఖైదీలకు మొదటి బహిరంగ శిబిరం ప్రారంభమైంది. గోడ లేనిచోట ఖైదీని నిలిపేది ఉద్యోగికి, అతడికి మధ్య ఉన్న నమ్మకమే కనుక, ఈ సంస్థలు పాటర్సన్ శిక్షణా సిద్ధాంతానికి అసలైన పరీక్షగా నిలిచాయి.

విదేశీ పర్యటనలు

1920లలో అప్పటి బ్రిటిష్ ఇండియాలో భాగమైన బర్మా జైళ్ళను పరిశీలించి నివేదిక సమర్పించాడు. 1931లో అమెరికా జైళ్ళను చూశాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో 1940లో ప్రభుత్వం ఈయనను కెనడాకు పంపింది. బ్రిటన్‌లో నిర్బంధింపబడి అక్కడికి తరలింపబడిన జర్మన్, ఆస్ట్రియన్ పౌరులలో నాజీల నుండి తప్పించుకుని వచ్చిన శరణార్థులు చాలామంది ఉన్నారు. వారి వివరాలను విచారించి, అనేకుల విడుదలకు ఈయన తోడ్పడ్డాడు.

విమర్శలు

1932 జనవరిలో డార్ట్‌మూర్ జైలులో జరిగిన తిరుగుబాటు తరువాత, సంస్కరణల వలన క్రమశిక్షణ సడలిందన్న విమర్శ పత్రికలలో వచ్చింది. హౌస్‌మాస్టర్లను బయటి పట్టభద్రుల నుండి తీసుకోవడం వలన, క్రింది స్థాయి నుండి పనిచేస్తూ వచ్చిన ఉద్యోగులకు పదోన్నతి అవకాశాలు తగ్గాయన్న అసంతృప్తి కూడా ఉండేది. శిక్షణ కంటే వ్యక్తిత్వానికే ఈయన ఎక్కువ విలువ ఇచ్చాడనీ, అటువంటి వ్యక్తులు కరవైనప్పుడు విధానం బలహీనపడిందనీ తరువాతివారు విమర్శించారు. మరణశిక్ష రద్దును ఈయన సమర్థించలేదు. సుదీర్ఘ కారాగారవాసం మనిషిని లోలోపల నాశనం చేస్తుందని, అది మరణశిక్ష కంటే దయగలది కాదని ఈయన నమ్మకం.

చివరి రోజులు

అనారోగ్యంతో 1946లో పదవీ విరమణ చేసిన పాటర్సన్‌కు 1947లో సర్ బిరుదు లభించింది. అదే సంవత్సరం నవంబరు 7న మరణించాడు. ఈయన రచనలలో ముఖ్యమైనవాటిని ఎస్. కె. రక్ సంకలనం చేయగా 1951లో గ్రంథంగా వెలువడింది. యుద్ధానంతరం ఖైదీల సంఖ్య పెరిగి, బోర్స్టల్ విధానం క్రమంగా కళ తప్పింది. 1982 చట్టంతో బోర్స్టల్ శిక్ష రద్దయింది.

భారతదేశంలో

కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న మద్రాసు రాష్ట్రంలో 1925 నాటి బోర్స్టల్ పాఠశాలల చట్టం ద్వారా ఈ విధానం ప్రవేశించింది. జైలు ఉద్యోగుల శిక్షణ విషయానికి వస్తే, 1940లో లక్నోలో శిక్షణ పాఠశాల ఏర్పడింది. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారుల శిక్షణ కొరకు 1979లో వేలూరులో ఒక అకాడమీ ఏర్పడగా, ఆంధ్రప్రదేశ్ కూడా అందులో భాగస్వామి అయింది.