నికోలా టెస్లా

నికోలా టెస్లా 1856వ సంవత్సరము జూలై 10వ తేదీన స్మిల్యాన్ అను కుగ్రామమున జన్మించెను. ఆ గ్రామము అప్పుడు ఆస్ట్రియా సామ్రాజ్యములోనిది. నేడు క్రొయేషియా దేశమునందున్నది. తండ్రి క్రైస్తవ పురోహితుడు. తల్లికి చదువు రాకపోయినను, ఇంటి పనిముట్లను తానే కల్పించుకొనగల నేర్పరి.

విద్యార్థిదశలో టెస్లా తీవ్రవ్యాధిచే మంచము పట్టెను. ఆ దినములలో ప్రజాగ్రంథాలయపు పుస్తకములను వర్గీకరించి పట్టిక వ్రాయు పని అతనికి లభించెను. వానిలోని మార్క్ ట్వేన్ రచనలే తన్ను బ్రతికించెనని అతడు జీవితాంతము తలచుచుండెను. తండ్రి అతనిని పురోహితుని చేయనెంచెను. కాని కలరా సోకి కుమారుడు ప్రాణాపాయమున నున్నపుడు, కోలుకొన్నచో ఇంజనీరింగు చదివింతునని మాట యిచ్చి నిలుపుకొనెను.

1884లో టెస్లా అమెరికా చేరెను. అతడు కల్పించిన ఆల్టర్నేటింగ్ కరెంటు మోటారుకు 1888లో పేటెంటు లభించెను. ఆ కరెంటు పద్ధతిచే నయాగరా జలపాతపు విద్యుత్తు 1896లో బఫెలో నగరమునకు చేరెను. మన పొలములలో నీరు తోడు మోటార్లు తిరుగుట ఆ సూత్రముననే.

అంతటితో అతడు తృప్తి చెందలేదు. తీగలు లేకయే విద్యుత్తును దూరదేశములకు పంపనెంచి, 1901లో న్యూయార్కు సమీపమున లాంగ్ ఐలాండుపై 187 అడుగుల గోపురమును తలపెట్టెను. ధనికుడగు మోర్గాన్ 1,50,000 డాలర్లిచ్చి, అంతకుమించి ఇచ్చుటకు నిరాకరించెను. పని నిలిచిపోయెను. 1917లో గోపురము కూల్చబడెను. 1943 జనవరి 7న టెస్లా న్యూయార్కులోని ఒక హోటలు గదిలో ఏకాకిగా, ఋణగ్రస్తుడై కన్నుమూసెను.

గోపురము విఫలమగుటకు ధనలోపమొక్కటే కారణము కాదు. శక్తిని భూమి ద్వారా నలుదిక్కులకు పంపదలచుటయే అందలి లోపము. చేనంతట పారించిన నీరు చివరి మడికి చేరునప్పటికి ఇంకిపోవును. కాలువ త్రవ్వినచో చేరును. తరువాతివారు కాలువ మార్గమునే అనుసరించిరి. మైక్రోవేవ్ తరంగములను సన్నని ధారగా కూర్చి ఒకే దిశకు పంపిరి. 1964లో అమెరికాలో విలియం బ్రౌన్ ఆ ధారచే చిన్న హెలికాప్టరును గాలిలో నిలిపెను. 1987లో కెనడాలో 4.5 మీటర్ల రెక్కలుగల, మనుష్యుడు లేని విమానమొకటి నేలనుండి వచ్చు మైక్రోవేవ్ శక్తిచేతనే ఎగిరెను. దాని అడుగున నమర్చిన చిన్న ఏరియళ్లు తరంగములను గ్రహించి విద్యుత్తుగా మార్చి మోటారును త్రిప్పెను. అట్టి విమానములను 21 కిలోమీటర్ల ఎత్తున నెలల తరబడి నిలిపి, వార్తాప్రసారమునకు వినియోగింపవలెనని వారు అప్పుడు ఉద్దేశించిరి.

టెస్లా మార్గము తప్పినది, సంకల్పము తప్పలేదు. కూలిన గోపురముతో అది నశింపలేదు. రోగశయ్యపై పుస్తకముల పట్టిక వ్రాసిన ఆ బాలుని ఊహ, అతడు గతించిన నలువది నాలుగేండ్లకు ఆకాశమున రెక్కలు విప్పెను.