తెలుగు బైబిలునకు మొదటి చెయ్యి వేసిన బెంజమిన్ షుల్జ్

క్రీస్తు ప్రభువు వచ్చిన తరువాత పాత నిబంధనతో మనకేమి పని అని మన సంఘములలో కొందరు అడుగుట మేము వినుచునేయున్నాము. ఆ వంశావళులు, బలులు, పండుగలు యూదులవి గదా, మనకు సువార్తలు చాలవా అని వారి తలంపు. ఇందుకు ఉత్తరముగా, బైబిలును మొట్టమొదట తెలుగులోనికి తెచ్చిన దైవజనుని జీవితమును ఈ నెల మీ ముందుంచుచున్నాము.

బెంజమిన్ షుల్జ్ 1689వ సంవత్సరమున బ్రాండెన్‌బుర్గ్ సీమలోని సోనెన్‌బుర్గ్ అను ఊరిలో పుట్టెను. చదివినది జర్మనీలోని హాలె పట్టణమున. అచ్చట ఫ్రాంకే అను భక్తుడు అనాథ పిల్లలకు గొప్ప శరణాలయమును కట్టించి, హెబ్రీ భాషను, దాని సోదర భాషలను లోతుగా నేర్పుటకు 1702లో ఒక విద్యాలయమును కూడ నెలకొల్పెను. హెబ్రీ మీద ఇంత శ్రమ ఎందుకు? ప్రభువు యూదుల యింట పుట్టెను, యూదుల సమాజమందిరమున లేఖనము చదివెను. అపొస్తలులందరు యూదులే. వారు ప్రకటించుచు తిరిగిన తొలి దినములలో క్రొత్త నిబంధన యింకను వ్రాయబడలేదు. వారి చేతనున్నది మోషే ధర్మశాస్త్రమును, ప్రవక్తలును, కీర్తనలును మాత్రమే. నేటికిని మనము పలికెడి ఆమేన్, హల్లెలూయ అనునవి హెబ్రీ మాటలేయని ఎందరెరుగుదురు?

1719లో షుల్జ్ తరంగంబాడి చేరెను. ఆ యేడే జీగెన్‌బాల్గ్ ప్రభువునందు నిద్రించెను. ఆయన తమిళ పాత నిబంధన రూతు గ్రంథము వరకు వచ్చి ఆగియుండెను. మిగిలిన భారమును షుల్జ్ ఎత్తుకొని ముగించెను. తోటి మిషనరీలతో మాత్రము ఆయనకు పొసగలేదు. కఠిన స్వభావుడు. దానిని దాచుట మాకిష్టము లేదు.

1726లో ఆయన మద్రాసు వచ్చెను. అచ్చట తెలుగువారనేకులు. వారి భాష నేర్చి, 1728లో దానికి వ్యాకరణము వ్రాసెను. పిమ్మట మూలభాషలను ఎదుట పెట్టుకొని తర్జుమాకు పూనుకొనెను. క్రొత్త నిబంధన 27 పుస్తకములతో ఆగియున్నను ఎవరును తప్పు పట్టకపోదురు. ఆయన ఆగలేదు. పస్కా, ఒడంబడిక, ప్రాయశ్చిత్తము తెలియనివారికి సిలువ ఎట్లు అర్థమగును? దుక్కి లేని చేలో నారు నాటినట్లే యగును. 1732 నాటికి తక్కిన 39 పుస్తకములును తెలుగున వ్రాయబడెను.

కాని ఆ గ్రంథము అచ్చు కాలేదు. 1743లో షుల్జ్ హాలెకు తిరిగిపోయి, 1746, 1747 సంవత్సరములలో అచ్చట చిన్న తెలుగు పుస్తకములను ముద్రింపించెను. తెలుగు అక్షరములు అచ్చెక్కిన తొలి పుస్తకములు అవియే యందురు. బైబిలు మాత్రము వ్రాతప్రతిగానే నిలిచెను.

హాలెలోనే కాలెన్‌బెర్గ్ అను పండితుడు యూదులకును ముస్లిములకును సువార్త తెలుపుటకై 1728లో ఒక సంస్థను స్థాపించెను. యూదులలో పుట్టి క్రీస్తును నమ్మిన ఫ్రొమ్మాన్ అను వైద్యుడు ఆ సంస్థ కొరకు లూకా సువార్తను హెబ్రీలో వ్రాసి, వ్యాఖ్యానము చేసెను. షుల్జ్ వ్రాసిన హిందూస్తానీ పుస్తకములను అచ్చు వేసినదియు ఆ సంస్థయే. అయినను వారు యూదులకు బోధింప గోరినంతగా యూదులయొద్ద నేర్చుకొన గోరలేదని మా అభిప్రాయము. వేరు కొమ్మను మోయుచున్నదని పౌలు రోమీయులకు తెలిపిన సంగతి ఆనాటి క్రైస్తవ దేశములు మరచెను.

షుల్జ్ 1760లో హాలెలో మరణించెను. విశాఖపట్టణమున డె గ్రాంజెస్ దొరయు, ఆనందరాయరును తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపురమున అచ్చగువరకు తెలుగువారికి లేఖనము అచ్చులో దొరకలేదు. షుల్జ్ వ్రాత ముగిసి అప్పటికి 80 ఏండ్లు.

హాలెవారు 1742లో ముహ్లెన్‌బర్గ్ అను బోధకుని అమెరికాకు పంపిరి. అచ్చట ఆయన కట్టిన పెన్సిల్వేనియా లూథరన్ సంఘమే నూరేండ్లకు హయ్యరు అయ్యగారిని మన దేశమునకు పంపెను. ఆయన 1842లో గుంటూరు చేరి, వృద్ధాప్యమున 1869లో రాజమహేంద్రవరమునకును వచ్చెను.

ఈ నెల సాయంకాల ప్రార్థనలలో రూతు గ్రంథమును, రోమా పత్రిక 11వ అధ్యాయమును చదివించుచున్నాము.