చెట్లనీడ బడి – రవీంద్రనాథ ఠాకూరు

విశ్వకవి రవీంద్రనాథ ఠాకూరు పేరు వినని తెలుగు ఇల్లుండదు. గీతాంజలి సంగతి అందరెరిగినదే. పసిపిల్లల చదువుకొరకు ఆయన పడిన పాటు మాత్రము మనలో కొద్దిమందికే తెలియును.

1861 మే 7న కలకత్తాలో జన్మించిన రవీంద్రునకు బడి యనిన గిట్టలేదు. ఒకటి తరువాత ఒకటిగా బడులు మార్చినను నిలువలేదు. 1873లో తండ్రి దేవేంద్రనాథుడు పదునొకండేండ్ల బాలుని హిమాలయములకు వెంటబెట్టుకొని బయలుదేరెను. దారిలో బోల్పూరు దాపున శాంతినికేతనములో దిగిరి. అచటి ఎర్రమట్టి గండ్లలో బాలుడు రాళ్లేరి తెచ్చి చూపగా తండ్రి విసుగుకొనక మెచ్చుకొనెను. ఖర్చుల లెక్క వ్రాయుట, తన గడియారమునకు కీ ఇచ్చుట బాలునికే ఒప్పగించెను. కొండలమీద రాత్రివేళ నక్షత్రములు చూపి ఖగోళశాస్త్రము చెప్పెను. ఆ ప్రయాణములోనే ఒక పెద్ద స్టేషనులో రైలువారు బాలుని వయస్సు నమ్మక, అరటిక్కెట్టు చెల్లదని పూర్తి చార్జీ అడిగిరి. దేవేంద్రనాథుడు మారుమాటాడక చెల్లించి, తిరిగివచ్చిన చిల్లరను ప్లాట్‌ఫారముపై విసరివేసెను. రైల్వేవారమైన మనకిది చురుక్కుమనిపించు కథయే!

1901 డిసెంబరు 22న అదే శాంతినికేతనములో అయిదుగురు పిల్లలతో రవీంద్రుడు బడి పెట్టెను. అందులో ఒకడు స్వంత కుమారుడు రథీంద్రుడు. ఎవరి ఆసనము వారు తెచ్చుకొని చెట్టుక్రింద కూర్చుందురు. వానవచ్చిన లోనికి పోవుదురు. చదువు మాతృభాషలో. జగదానంద రాయ్ అను ఉపాధ్యాయుడు ప్రకృతిశాస్త్రము బోధించుచు, రాత్రులు ఆకాశమును చూపుచుండెను. ఋతువును బట్టి వచ్చు పాట, ఆట, నాటకము కూడ చదువులోనివే.

మొదట పిల్లలవద్ద జీతము పుచ్చుకొనలేదు. భార్య మృణాళినీదేవి నగలమ్మి యిచ్చెను. మనకు దాపుననున్న పూరీలోని తన ఇంటిని కూడ రవీంద్రుడు ఇందుకొరకే అమ్మివేసెను. పిల్లలకు వండిపెట్టిన ఆ ఇల్లాలు 1902 నవంబరులోనే కన్నుమూసెను. 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి పోయిరి. 1907లో చిన్నకుమారుడు శమీంద్రుడు బడిపిల్లలను కూర్చుకొని వసంతఋతువు పండుగ జరిపెను. అదే సంవత్సరము ముంగేరులో కలరా సోకి మరణించెను. వానికి పదునొకండేండ్లు నిండలేదు. తండ్రి బడి మూయలేదు. ఆ పిల్లవాని పండుగయే తరువాత శాంతినికేతనమునకు పేరు తెచ్చినది.

1919లో రవీంద్రుడు మన మదనపల్లెలో కొన్నాళ్లుండి, జనగణమనకు ఆంగ్లానువాదము అక్కడనే వ్రాసెను.

1924లో పేద పల్లెపిల్లలకై శిక్షాసత్రమను మరియొక బడి వెలసెను. అచట పిల్లలకు చిన్న చిన్న మడులు. మడి కొలుచుటలో లెక్క, మొలకను కనిపెట్టుటలో ప్రకృతిపాఠము, చేసిన పని పుస్తకములో వ్రాసికొనుటలో భాష. మన క్వార్టర్ల వెనుక బీరపాదో చిక్కుడుపాదో లేని ఇల్లు అరుదు గదా. ఆ పాదు మొదట ఎంత చదువున్నదో మన పిల్లలనే అడిగి చూడవచ్చును.

1941 ఆగస్టు 7న, తాను పుట్టిన ఇంటనే రవీంద్రుడు మరణించెను. శాంతినికేతనములో చిన్నపిల్లల తరగతులు నేటికిని చెట్లక్రింద సాగుచున్నవి.