చూపు పోయినా చెయ్యి ఆగలేదు

బొమ్మలు వెయ్యాలంటే కళ్లు బాగుండాలి అనుకుంటాం. బినోద్ బిహారీ ముఖర్జీ గారి జీవితం తెలిసేదాకా మేమూ అలాగే అనుకున్నాం.

ఆయన 1904లో కలకత్తా దగ్గర బెహాలాలో జన్మించారు. పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండో కన్ను మసక. అందువల్ల బడి చదువు సరిగా సాగలేదు. 1919లో శాంతినికేతన్ కళాభవన్‌లో చేరి నందలాల్ బోస్ గారి శిష్యులయ్యారు. తర్వాత అక్కడే గురువయ్యారు. 1946-47లో హిందీ భవన్ గోడలపై కబీర్, సూరదాస్ వంటి భక్తకవుల జీవితాలను చిత్రించారు.

యాభై దాటాక కంటి ఆపరేషన్ ఫలించక ఉన్న చూపూ పోయింది. అయినా ఆయన చేతులు ముడుచుకోలేదు. రంగు కాగితాలు కత్తిరించి అతికించారు, మైనంతో బొమ్మలు చేశారు. 1972లో కళాభవన్ గోడకు టైల్స్‌తో పెద్ద చిత్రం కూర్చారు. అదే ఏడు శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆయనపై డాక్యుమెంటరీ తీశారు. 1974లో పద్మవిభూషణ్ వచ్చింది. 1980లో ఆయన పరమపదించారు.

మన బేతంచెర్ల బండ నునుపు తెలిసేది అరచేతికే కదా! మరి చూపు తక్కువున్న తమ్ముళ్లను బొమ్మల పోటీ రోజున ఊరికే ఎందుకు కూర్చోబెట్టాం? ఆ తప్పు మాది కూడా.

ఈసారి అట్టమీద దారం అతికించి గీత వేలికి తగిలేలా చేద్దాం. బంకమట్టి, రంగు కాగితాలు ఇద్దాం. వాళ్లు చేసినవి గోడకు పెట్టి, మనమూ కళ్లు మూసుకుని తడిమి చూద్దాం.