తుర్రంఖాన్ ఎవరమ్మా?

మా బహదూర్‌పల్లిలో మాట వినని పిల్లాణ్ణి నువ్వేమన్నా తుర్రంఖాన్‌వా అని కసురుతాం. నేనూ మావాణ్ణి రోజుకు నాలుగుసార్లు అనేదాన్ని. ఓరోజు వాడే అడిగాడు... తుర్రంఖాన్ ఎవరమ్మా అని! నాకు నోట మాట రాలేదు. కోఠి ఉమెన్స్ కాలేజీలో మూడేళ్లు చదివాను. ఆ కథ జరిగింది అక్కడేనని నాకూ అప్పటిదాకా తెలీదు.

ఆయన అసలు పేరు తుర్రెబాజ్‌ఖాన్. ఉండేది బేగంబజార్‌లో. 1857లో బ్రిటిష్ సైన్యాన్ని ఎదిరించి జమేదార్ చీదాఖాన్ కొందరు సిపాయిలతో హైదరాబాద్ వచ్చాడు. నిజాం దివాన్ సాలార్‌జంగ్ వాళ్లను పట్టి బ్రిటిష్ రెసిడెన్సీకి అప్పగించాడు. ఆ రెసిడెన్సీయే తర్వాత మా కాలేజీ అయింది. ఆ ఖైదీలను విడిపించాలని జులై 17న మౌల్వీ అల్లాఉద్దీన్‌తో కలిసి తుర్రెబాజ్‌ఖాన్ రెసిడెన్సీ మీద దాడి చేశాడు. రాత్రంతా కాల్పులు. ఫిరంగుల ముందు నిలవలేకపోయారు. కొద్దిరోజులకే ఆయన దొరికిపోయాడు.

మౌల్వీ ఎక్కడున్నాడో చెప్పమని ఎంత నిలదీసినా ఆయన పెదవి విప్పలేదట. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష వేశారు. అండమాన్‌కు పంపేలోగా 1859 జనవరిలో తప్పించుకున్నాడు. పట్టిస్తే 5,000 రూపాయలిస్తామని ప్రకటించారు. వారం తిరక్కుండానే తూప్రాన్ దగ్గర చంపేశారు. అంతటితో ఆగారా? శవాన్ని తెచ్చి రెసిడెన్సీ దగ్గర అందరూ చూసేలా వేలాడదీశారు. మౌల్వీ తర్వాత దొరికి, అండమాన్ చెరలోనే కన్నుమూశాడు.

మేడ్చల్ మీదుగా తూప్రాన్ వెళ్లినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. పోరులో ప్రాణం పోవడం వేరు, చేతికి చిక్కినవాణ్ణి అవమానించడం వేరు. ఆ శవానికీ ఓ తల్లి ఉంటుంది కదా!

1949 నాటి జెనీవా ఒప్పందం ప్రకారం యుద్ధఖైదీని రహస్యాల కోసం హింసించకూడదు. చనిపోతే గౌరవంగా అంత్యక్రియలు చేయాలి. యుద్ధమొచ్చిందన్న సాకుతోనైనా ఎవర్నీ చిత్రహింస పెట్టకూడదని 1984లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం తేల్చింది. మన దేశం 1997లో దానిమీద సంతకం చేసింది కానీ ఇంతవరకు ఆమోదించలేదు.

నలుగురి ప్రాణాలు కాపాడాలంటే రెండు దెబ్బలు వేస్తే తప్పేంటి అంటాడు మా మరిది. దెబ్బలకు తాళలేనివాడు నిజమే చెప్తాడని ఏముంది? పిల్లలను పెంచినవాళ్లం, మనకు తెలీదూ! గట్టిగా కొడితే చేయని తప్పు కూడా ఒప్పుకుంటారు.

కోఠిలో ఇప్పుడు ఆయన పేరున ఓ రోడ్డుంది. మావాణ్ణి మాత్రం ఇక తుర్రంఖాన్ అని తిట్టడం మానేశాను. ఎప్పుడైనా అన్నా, మెచ్చుకోవడానికే అంటాను.