ఆర్థర్ కోర్న్‌బర్గ్ గారి కథ

ఈసారి నేను ఆర్థర్ కోర్న్‌బర్గ్ అనే శాస్త్రవేత్త గురించి రాస్తున్నాను. ఆయన 1918లో అమెరికాలో, న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టారు. అమ్మానాన్నలు ఐరోపా నుండి వలస వచ్చినవాళ్ళు. నాన్న దాదాపు 30 ఏళ్ళు కుట్టుమిషను మీద కూలికి కుట్టాడు. చదువు లేదు, కానీ ఆరు భాషలు మాట్లాడేవాడు. మా నాన్నకి కూడా కువి, ఒడియా, తెలుగు వచ్చు, సంతకం మాత్రం రాదు. ఒంట్లో బాగోక ఆయన చిన్న ఇనుప సామాన్ల కొట్టు పెడితే తొమ్మిదేళ్ళ ఆర్థర్ అందులో బేరాలు చూసేవాడు.

తర్వాత ఆర్థర్ గారు డాక్టరు అయ్యారు. కానీ మనసంతా ఎంజైముల మీదే.

కణం రెండుగా చీలే ముందు అందులోని డి.ఎన్.ఎ.కి నకలు తయారవ్వాలి. నకలు రాసే ఎంజైముని ఆయన 1956లో ఇ.కొలై బాక్టీరియాలో కనిపెట్టారు. దాని పేరు డి.ఎన్.ఎ. పాలిమరేజ్. 1959లో నోబెల్ బహుమతి వచ్చింది.

అసలు కథ ఇక్కడుంది. 1969లో జాన్ కెయిర్న్స్ అనే ఆయన, ఆ ఎంజైము దాదాపు పనిచెయ్యని బాక్టీరియాని చూపించారు. అది చక్కగా పెరుగుతోంది! అంటే నకలు రాసేది వేరేది. నోబెల్ వచ్చినాయన్నే అందరూ తప్పుపట్టారు. అప్పుడు ఆయన కొడుకు టామ్, సెల్లో అనే పెద్ద ఫిడేలు నేర్చుకునేవాడు, చేతికి ఇబ్బంది వచ్చి వాయించలేక, ప్రయోగశాలకి వెళ్ళాడు. ఇంకో రెండు పాలిమరేజ్‌లు దొరికాయి. మూడోదే అసలు నకలు రాసేది. నాన్నది ముఖ్యంగా అతుకులు వేసేది, బాగుచేసేది.

కోర్న్‌బర్గ్ గారు అలిగి కూర్చోలేదు. స్టాన్‌ఫర్డ్‌లో శిష్యులతో ఆ మూడోదాని వెంటే పడ్డారు. ఒక్కటే ఉంటే అది పది అక్షరాలు రాసి జారిపోతుంది. బీటా అనే ప్రోటీను తోడుంటే సెకనుకి దాదాపు 1000 అక్షరాలు. బీటా కడియంలాగా ఉంటుందని 1992లో తేలింది. డి.ఎన్.ఎ. చుట్టూ ఉండి, ఎంజైముని పట్టుకుని, దాంతోపాటే జారుతుంది.

ఇ.కొలై డి.ఎన్.ఎ. గుండ్రం, దానికి కొసలు లేవు. మరి కడియం ఎట్లా ఎక్కింది? మా అమ్మ కాలి కడియం కూడా పాదం మీంచి ఎక్కదు. కంసాలి విడదీసి, తొడిగి, మళ్ళీ నొక్కుతాడు. కణంలో కూడా అలాంటి కంసాలి ప్రోటీను ఉంది. ఏ.టి.పి. అనే శక్తితో కడియం విప్పి, తొడిగి, మూసేసి తప్పుకుంటుంది. నాకు ఇదే బాగా నచ్చింది.

2006లో పెద్దకొడుకు రోజర్‌కి కూడా నోబెల్ వచ్చింది, వేరే పనికి. మరుసటి ఏడాది ఆర్థర్ గారు 89 ఏళ్ళకి చనిపోయారు. చివరిదాకా ప్రయోగశాల మానలేదు.